చేపల వేటకు దోనె కొనాలా, బల్లపరుపు పడవ కొనాలా?



నాగలి కొనబోయే రైతు ముందుగా తన నేల ఎటువంటిదో తలచుకుంటాడు. ఎద్దుల జత కొనేవాడు పళ్లు చూస్తాడు, నడక చూస్తాడు, కాడి కట్టి ఒక చాలు దున్నించి మరీ చూస్తాడు. మరి చేపల వేటకు పడవ కొనేవాడు ఏమి చూస్తున్నాడు? ధర అడుగుతున్నాడు. రంగు చూస్తున్నాడు. పొరుగువాడు ఏది కొన్నాడో తానూ అదే కొంటున్నాడు. ఎద్దు మంచిది కాకపోతే ఒక కారు పంట వెనకబడుతుంది, అంతే. పడవ మంచిది కాకపోతే ఇంటి పెద్ద తిరిగి ఇంటికి రాడు. అందుచేత ఈ బేరం ఎద్దుల బేరం కంటే జాగ్రత్తగా చేయవలసిన బేరం.

ఇక్కడ మనం రెండు రకాల పడవలను పక్కపక్కన నిలబెట్టి చూద్దాము. ఒకటి సన్నగా పొడుగ్గా ఉండి, ఒక్క మనిషి నడుపుకొనే దోనె. రెండవది అడుగు చదునుగా, ఒళ్లు వెడల్పుగా ఉండి, ఇద్దరు పనిచేసుకొనే చిన్న పడవ. దీనిని బల్లపరుపు పడవ అని పిలుచుకుందాము. ఈ రెండింటిలో ఏది మంచిది అని నన్ను అడిగితే, మీ నీరు ఏది, మీ పని ఏది అని నేను తిరిగి అడుగుతాను. ఆ రెండూ తేలితే పడవ ఏదో దానంతటదే తేలుతుంది.

రెండింటి పుట్టుక

దోనె అంటే మన కొల్లేరు, గోదావరి లంకల వాళ్లకు చెప్పనక్కరలేదు. ముదురు తాటిమాను మొదలు భాగాన్ని నిలువుగా చీల్చి, లోపలి మెత్తని చేవలేని భాగాన్ని తొలిచివేస్తే దోనె అవుతుంది. తాటిమానుకు గట్టిదనమంతా పైభాగాన ఉంటుంది, లోపల పీచు, మెత్తన. తొలచడానికి అది అనువు. మొదలు వైపు మాను ఉబ్బి ఉంటుంది గనుక ఆ కొస సహజంగానే మూసుకొని ఉంటుంది. రెండవ కొసను బంకమట్టితో గాని, చెక్క బిగించి గాని మూస్తారు. మాను ఎంత లావో దోనె అంత వెడల్పు, అంతకు మించి రమ్మన్నా రాదు. అందుకే దోనె సాధారణంగా రెండడుగుల లోపే ఉంటుంది.

ఈ మధ్య పట్టణాల్లో ప్లాస్టిక్‌తో పోతపోసిన కయాక్ అనే సన్నపడవ కూడా కనిపిస్తున్నది. ఇది ఉత్తర ధ్రువపు మంచుదేశాల్లోని ఇన్యూట్ జనులు సీల్ అనే నీటిజంతువు చర్మాన్ని చట్రానికి తొడిగి, వేట కోసం చేసుకొన్న పడవకు వారసురాలు. రూపం వేరైనా గుణం మన దోనె గుణమే. సన్నన, వేగం, ఒక్కడి పడవ. కనుక దోనెను గురించి నేను చెప్పే మాటలు చాలావరకు కయాక్‌కూ వర్తిస్తాయి.

బల్లపరుపు పడవను వెనుకటి రోజుల్లో పలకలతో కట్టి, సందుల్లో నార కూరి, తారు పూసేవారు. ఇప్పుడు ఎక్కువగా ఫైబరుతో చేసినవి వస్తున్నాయి. ఏ సరుకుతో చేసినా దాని అడుగు పీటలాగ చదునుగా ఉంటుంది. వెడల్పు సుమారు 4 అడుగులు, పొడవు 12 నుంచి 14 అడుగులు ఉంటే చిన్న పడవ కిందే లెక్క.

కుదురు అంటే ఏమిటి?

ఒక చిన్న పరీక్ష చేయండి. ఒక వెదురుబొంగును నీళ్లలో వేయండి. వేలు తగిలితే చాలు, దొర్లుతుంది. అటువంటి బొంగులు ఆరింటిని పక్కపక్కన పెట్టి కట్టి వేయండి. అది తెప్ప. పిల్లవాడు ఎక్కి కూర్చున్నా దొర్లదు. వెదురు అదే, నీరు అదే. మారినది వెడల్పు ఒక్కటే.

ఇందులో ఒక లెక్క ఉన్నది. పడవ పొడవు అంతే ఉంచి, నీటి మీద దాని వెడల్పును రెట్టింపు చేస్తే, పక్కకు ఒరగకుండా వెనక్కు నిలబెట్టే బలం రెట్టింపు మాత్రమే కాదు, 8 రెట్లు అవుతుంది. మూడింతల వెడల్పుకు 27 రెట్లు. 50 సెంటీమీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు ఉన్న దోనెను, 120 సెంటీమీటర్ల వెడల్పు, 4 మీటర్ల పొడవు ఉన్న పడవతో పోల్చి చూస్తే, వెడల్పు వల్ల వచ్చే ఈ కుదురు పడవకు పదింతల పైచిలుకు ఉంటుంది. దోనెలో నిలబడి వల విసరడానికి చిన్ననాటి నుంచి అలవాటు కావాలి. బల్లపరుపు పడవలో కొత్తవాడు కూడా నిలబడగలడు. కారణం ఇదే.

బరువు మోయడమూ చూద్దాము. ఏ పడవైనా తన బరువుకు సమానమైన బరువు గల నీటిని పక్కకు నెట్టి తేలుతుంది. ఒక లీటరు నీరు ఒక కిలో. మనం చెప్పుకొన్న దోనె, కొసలు సన్నబడ్డ లెక్క తీసివేస్తే, ఒక సెంటీమీటరు మునగడానికి సుమారు 20 కిలోల బరువు పడుతుంది. బల్లపరుపు పడవకు సుమారు 40 కిలోలు. ఇద్దరు మనుషులు 120 కిలోలు, తడిసిన వల 30 కిలోలు, చేపలు 50 కిలోలు అనుకోండి. మొత్తం 200. ఆ బరువుకు దోనె 10 సెంటీమీటర్లు దిగుతుంది, పడవ 5 సెంటీమీటర్లే దిగుతుంది. దోనె అంచు అసలే తక్కువ ఎత్తు. అందులో 10 సెంటీమీటర్లు పోతే మిగిలేది ఎంతో మీరే ఆలోచించండి.

అయితే బల్లపరుపు పడవే గొప్పదా? ఆగండి. ఇదంతా నిలకడ నీటి మాట. అల లేచినప్పుడు కథ మారుతుంది.

చదును అడుగు నీటిని అంటిపెట్టుకొని ఉంటుంది. నీరు చదునుగా ఉంటే తానూ చదునుగా ఉంటుంది, నీరు ఏటవాలు అయితే తానూ ఏటవాలు అవుతుంది. అల పక్కవాటుగా వచ్చిందంటే పడవ ఆ అల వాలునే పట్టుకొని ఒరుగుతుంది. ఒక హద్దు దాకా గట్టిగా నిలబడి, అంచు నీళ్లలోకి దిగిన క్షణంలో ఒక్కసారిగా తిరగబడుతుంది. గుండ్రని అడుగు గల దోనె అలా కాదు. ఎప్పుడూ కొంచెం అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. అలవాటున్నవాడు నడుము సవరించుకొంటే అల కిందనుంచి జారిపోతుంది. అంటే దోనె మనల్ని ముందే బెదిరిస్తుంది. బల్లపరుపు పడవ చివరిదాకా ధైర్యం చెప్పి, చివరికి చెప్పకుండా ముంచుతుంది. ఒడ్డున ఎక్కి చూసి, కదలలేదు గనుక భద్రం అనుకొనేవాడు ఈ సంగతి మరువరాదు.

వల ఎత్తే గడియ

సోదరులారా, ఈ మొత్తం ప్రసంగంలో ఒక్క మాట గుర్తుంచుకోదలిస్తే ఇది గుర్తుంచుకోండి. పడవను పరీక్షించవలసింది కూర్చున్నప్పుడు కాదు, వల ఎత్తేటప్పుడు.

వెళ్లేటప్పుడు వల ఎండి ఉంటుంది, మనిషి మధ్యన కూర్చొని ఉంటాడు, తెల్లవారుజామున గాలి ఉండదు. ఏ పడవైనా అప్పుడు మంచిదే. వల ఎత్తేటప్పుడు మూడు సంగతులు ఒక్కసారే మారుతాయి. మనిషి లేచి నిలబడతాడు, బరువు పైకి పోతుంది. అంచు మీదికి వంగుతాడు, బరువు ఒక పక్కకు పోతుంది. నీటిలోని వల అదే పక్కను కిందికి లాగుతుంది. దానికి తోడు అది ప్రొద్దెక్కిన వేళ, గాలి లేచే వేళ. ప్రమాదాలు పోగయ్యేది ఆ గడియలోనే.

జలాశయంలో మునిగిపోయిన మోడుకు వల చిక్కుకుంటే ఈ ప్రమాదం మరీ ఎక్కువ. మోడు కదలదు. మీరు పైకి లాగేకొద్దీ వల పైకి రాదు, పడవ అంచే కిందికి దిగుతుంది. అప్పుడు చేయవలసిన పని ఒక్కటే. వల వదిలివేసి పడవను చిక్కు పైకి తీసుకొని వెళ్లి, ముక్కు వైపు నుంచి నిలువుగా లాగి చూడవలెను. రాకపోతే కత్తితో కోసివేయవలెను. పది మూరల వల పోతే మళ్లీ అల్లుకోవచ్చు.

ముక్కు వైపు నుంచి అని ఎందుకు అన్నాను? పడవ పక్కకు ఒరిగినంత తేలికగా ముందుకు ఒరగదు. పొడవే దానికి కాపు. కనుక దోనె ఉన్నవాడు వలను ఎప్పుడూ ముక్కు మీదుగానే ఎత్తవలెను. ఒక మోకాలు నేలకు ఆనించి, కూర్చొని లాగవలెను. బల్లపరుపు పడవలో ఇద్దరుంటే ఒకడు వల లాగేటప్పుడు రెండవవాడు వింత చూడడానికి అదే అంచుకు రాకూడదు. అతని చోటు ఎదుటి పక్క. "పెద్ద చేప పడింది, ఇటు రారా తమ్ముడూ" అన్న కేకతో మునిగిన పడవలు ఎన్నో.

ముగ్గురు అన్నదమ్ములు

ఇప్పుడు నీరు ఎలా ఎంచుకోవలెనో చూద్దాము. ముగ్గురు అన్నదమ్ములు ఉన్నారనుకోండి. పెద్దవాడు కొల్లేటి ఒడ్డున ఉన్నాడు. నడిమివాడు ఇల్లరికం వెళ్లి నాగార్జునసాగర్ జలాశయం పక్కన స్థిరపడ్డాడు. చిన్నవాడు డెల్టాలో చేపల చెరువు కౌలుకు తీసుకొన్నాడు.

పెద్దవాడి నీరు లోతు తక్కువ. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పళ్లెంలాగ ఉన్న కొల్లేటిలో చాలాచోట్ల మొలలోతు, రొమ్ములోతు నీరే. బుడమేరు, తమ్మిలేరు వంటివి నీరు తెచ్చిపోస్తాయి, ఉప్పుటేరు సముద్రానికి తీసుకొని పోతుంది. కిక్కిసగడ్డి పొదలు, గుర్రపుడెక్క తివాచీలు దారికి అడ్డం. వెదురు మావులు పెట్టుకొని, తెల్లవారి పోయి ఒక్కడే తీసుకొని వస్తాడు. పడేవి కొర్రమీను, జెల్ల, మట్టగిడస. అతనికి దోనెయే సరి. రెండడుగుల సందులో దోనె పాములాగ దూరిపోతుంది, వెడల్పు పడవ కిక్కిసలో ఇరుక్కొని కూర్చుంటుంది. గడ వేస్తే అందే లోతు గనుక ఒక్కడే నెట్టుకోగలడు. తిరగబడినా చాలాచోట్ల నిలబడగల నీరే. అయినా బురదలో కాలు దిగబడుతుందని, గుర్రపుడెక్క వేళ్లు చుట్టుకొంటాయని మరువకూడదు. ఇంకొక మాట. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల జాబితాలో చేరింది. కాబట్టి ఆ హద్దుల్లో ఏ వల, ఏ పడవ వాడవచ్చునో అటవీశాఖ వారిని అడిగి తెలుసుకొన్న పిమ్మటనే డబ్బు ఖర్చుపెట్టవలెను.

నడిమివాడి నీరు అటువంటిది కాదు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగింది, 1967లో కాలువలకు నీరు వదిలారు. కొండల నడుమ మైళ్ల పొడవున నీరు పరుచుకొని ఉన్నది. గడ వేస్తే అందే లోతు కాదు. గాలి నీటి మీద ఎంత దూరం అడ్డులేకుండా పరుగెత్తితే అల అంత పెద్దదవుతుంది. అందువల్ల గాలి బయలుదేరిన గట్టున నీరు నిమ్మళంగా ఉండి, గాలి కొట్టే గట్టున అలలు మోదుతుంటాయి. ఈ గట్టున నిలబడి చూసి నీరు బాగుందనుకొని బయలుదేరితే నడి నీటిలో సంగతి తెలుస్తుంది. ఇక్కడ పని కూడా బరువైనది. బెండ్లు పైన, సీసపు గుళ్లు కింద ఉండి గోడలాగ నిలబడే పొడుగు వలలు సాయంత్రం వేసి తెల్లవారి ఎత్తాలి. బొచ్చె, శీలావతి పడితే ఒక్కొక్కటి కిలోల లెక్క. దీనికి ఇద్దరు మనుషులు, వెడల్పు పడవ ఉండవలెను. అయితే అతని బల్లపరుపు పడవ అంచులు ఎత్తుగా ఉండవలెను, ముక్కు పైకి లేచి ఉండవలెను. మోకాలెత్తు అంచు గల చెరువు పడవను జలాశయంలో దింపడం ఆత్మహత్యతో సమానం.

అతని పడవకు ఇంకొక కొరత ఉంటుంది. నీటిలోకి తక్కువ దిగుతుంది గనుక గాలి దానిని ఆకులాగ పక్కకు కొట్టుకొని పోతుంది. అడుగున నడిమధ్య పొడుగునా బెత్తెడు ఎత్తు గల నిలువు బద్ద ఉంటే ఆ జారుడు కొంత తగ్గుతుంది. కొనేటప్పుడు అది ఉన్నదో లేదో వంగి చూడండి.

చిన్నవాడి సంగతి తేలిక. చెరువు చుట్టూ గట్టు, పెద్ద అల లేదు, కిక్కిస లేదు. కాని రోజూ మేత మోయాలి. మన చేపల రైతులు నూనె తీసిన తవుడును చిల్లుల సంచుల్లో నింపి, నీళ్లలో పాతిన కర్రలకు కట్టడం మీకు తెలిసినదే. 50 కిలోల సంచులు ఆరు వేస్తే 300 కిలోలు. దోనె అంత బరువు మోయలేదు. మనం లెక్క వేసిన బల్లపరుపు పడవ ఆ 300 కిలోలకు 7 లేక 8 సెంటీమీటర్లు మాత్రమే దిగుతుంది. సంచి కట్టడానికి మనిషి అంచుకు వంగినా నిలుస్తుంది. అతనికి వేరే ఆలోచన వద్దు. అయితే సంచులను ఒక పక్కన గుట్టవేయకుండా, మధ్యన పరుపులాగ పరవవలెను. సంచి మీద సంచి ఎత్తుగా పేర్చితే వెడల్పు ఇచ్చిన కుదురును ఎత్తు తినివేస్తుంది.

చూశారా! ఒకే తల్లి బిడ్డలైనా, ఒకే చేప పట్టినా, పెద్దవాడికి దోనె, నడిమివాడికి ఎత్తంచు పడవ, చిన్నవాడికి తక్కువ అంచు పడవ. పెద్దవాడి దోనె బాగుందని నడిమివాడు కొంటే చేటు. నడిమివాడి పడవ గొప్పగా ఉందని పెద్దవాడు కొంటే దండగ.

దోనె ఉన్నవాడికి ఒక ఉపాయం

ఇప్పటికే దోనె ఉండి, వెడల్పు పడవకు డబ్బు లేనివాడు ఏమి చేయవలెను? మన పెద్దలు దీనికి జవాబు ఏనాడో కనిపెట్టారు. రెండు దోనెలను కొంత ఎడంగా పెట్టి, అడ్డంగా వెదుళ్లు వేసి కట్టితే సంగడి అవుతుంది. వెదుళ్లు చవక, కట్టు చవక, కాని కుదురు రెండు దోనెల మొత్తం కాదు, దానికి ఎన్నోరెట్లు. కారణం ముందు చెప్పిన వెడల్పు లెక్కే. పొరుగువారిద్దరు చెరో దోనె తెచ్చి, బరువు వల ఎత్తే రోజు మాత్రం సంగడి కట్టుకొని, మిగతా రోజుల్లో విడివిడిగా వాడుకోవచ్చు. అయితే మూడు జాగ్రత్తలు. వెదుళ్లు రెండు చాలవు, ముందు, నడుమ, వెనుక మూడు ఉండవలెను. కట్టుతాడు ప్రతిరోజూ లాగి చూడవలెను. సంగడిని కిక్కిసలోకి తీసుకొని పోరాదు, తిప్పడానికి చోటు చాలదు.

పుట్టి సంగతి కూడా అడుగుతారేమో. కృష్ణ, తుంగభద్ర మీద వెదురుబుట్టకు తోలు తొడిగి నడిపిన పుట్టి చాలా పాతది. ఇప్పుడు తోలుకు బదులు ప్లాస్టిక్ పట్టా, తారు వాడుతున్నారు. పుట్టి చవక, తేలిక, ఒక్కడు వీపున మోసుకొని పోగలడు. కాని దానికి ముక్కూ లేదు, తోకా లేదు. గాలి వస్తే గిరగిర తిరుగుతుంది, దూరం పోదు. ఒడ్డుకు దగ్గరగా, నిలకడ నీటిలో మాత్రమే పనికివస్తుంది. ఇక థర్మోకోల్ దిమ్మలను గోనెలో కుట్టి దాని మీద కూర్చొని పోవడం కొన్ని చెరువుల్లో చూస్తున్నాము. అది పడవ కాదు. దిమ్మ విరిగితే, కుట్టు విప్పుకుంటే మనిషికి ఆధారం లేదు. అరువు తెచ్చినా సరే, పడవ మీదనే పోండి.

కొనేముందు నాలుగు పరీక్షలు

మొదటిది బరువు పరీక్ష. నడుములోతు నీటిలో పడవను దింపి, మీరు రోజూ వేసే బరువంతా వేయండి. అంచు నీటికి పైన జానెడు ఉండవలెను. అంతకు తక్కువైతే ఆ పడవ మీ పనికి చిన్నది.

రెండవది వంగుడు పరీక్ష. ఆ బరువుతోనే ఒక మనిషి ఒక పక్క అంచున మోకాలు వేసి, వల ఎత్తినట్లు వంగవలెను. ఒడ్డున ఒకరు నిలబడి చూడవలెను. అప్పుడు కూడా అంచు నీటికి నాలుగు వేళ్ల పైన ఉంటే సరే, లేకపోతే బేరం వద్దు.

మూడవది ముంపు పరీక్ష. బరువు దింపివేసి, పడవను కావాలని నీటితో నింపండి. తేలే కొయ్యతో చేసిన పడవ నీరు నిండినా తేలుతుంది, పట్టుకొని ప్రాణం కాచుకోవచ్చు. తాటిచేవ బరువైనది గనుక దోనెను చేసి చూస్తే గాని చెప్పలేము. ఫైబరు మాత్రం నీటికంటె బరువైన సరుకు. లోపల మూసిన గాలిపెట్టెలు గాని, నురగ నింపిన అరలు గాని లేకపోతే అది రాయిలాగ అడుగుకు పోతుంది. అమ్మేవాడు ఈ పరీక్షకు ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో మీకే అర్థమవుతుంది.

నాలుగవది మోత పరీక్ష. ఓడలు బండ్ల మీదికి, బండ్లు ఓడల మీదికి వస్తాయన్నారు. పడవ ఉండే చోటు నుంచి నీటి దాకా దానిని ఎవరు మోస్తారు? వేసవిలో చెరువు లోపలికి తగ్గినప్పుడు బురద దాటి ఎలా తీసుకొని పోతారు? ఇంట్లో ఇద్దరే ఉండి, పడవకు నలుగురు కావలెనంటే ప్రతిరోజూ కూలి ఇవ్వవలసి వస్తుంది. ఆ కూలి కూడా పడవ ధరలోనే కలిపి లెక్క వేసుకోండి.

ప్రాణం కాచే చిన్న వస్తువులు

లైఫ్ జాకెట్టు ఉక్కగా ఉంటుందని చాలామంది పడవలో పడవేసి ఉంచుతారు. నీళ్లలో పడ్డాక అది తొడుక్కోవడం సాధ్యం కాదు. ఒడ్డు దిగకముందే తొడుక్కోవలెను. అదనంగా 5 లీటర్ల ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలు రెండు, మూత బిగించి, తాడుతో పడవకు కట్టి ఉంచండి. ఒక్కొక్కటి నీటిలో ఇంచుమించు 5 కిలోల బరువును పైకి మోస్తుంది. జాకెట్టుకు ఇది సాటి కాదు, కాని మునిగేవాడి చేతికి ఊతం.

నడుముకు కత్తి ఉండవలెను. ఈత వచ్చినవాడు కూడా కాళ్లకు వల చుట్టుకొంటే ఈదలేడు. పంచె గోచీ పెట్టి బిగించుకోండి. వలను కాళ్ల కింద పడవేయకుండా ఒక బుట్టలో పేర్చుకోండి. నీళ్లు తోడే డబ్బాకు తాడు కట్టి ఉంచండి. అదనంగా ఒక తెడ్డు ఉండవలెను. లంగరు తాడు నీటి లోతుకు మూడింతలు, గాలి ఉంటే అయిదింతలు వదలవలెను. లంగరును ఎప్పుడూ ముక్కుకే కట్టండి. పక్కకు కట్టితే అల పక్కవాటుగా కొట్టి ముంచుతుంది.

ఎండకాలం సాయంత్రాలలో ఈదురుగాలి గంట ముందు చెప్పి రాదు. ఆకాశం ఒక మూల నల్లబడినా, గాలి ఉన్నట్టుండి ఆగిపోయినా, ఉరుము వినిపించినా వల సంగతి తరువాత, ముందు ఒడ్డు సంగతి. దగ్గరి ఒడ్డుకు పోండి, ఇంటి ఒడ్డుకే పోవాలని పట్టుపట్టవద్దు. ఒకవేళ పడవ తిరగబడితే దానిని వదిలి ఈదుకొంటూ పోవద్దు. అది తేలుతున్నంతసేపు పట్టుకొనే ఉండండి. వెతికేవారికి మనిషి తలకంటె పడవ ముందు కనిపిస్తుంది.

సాకుడు

తాటిదోనెను ఎండలో వదిలితే బీటలు వారుతుంది. నీడన గాని, నీటిలో గాని ఉంచవలెను. మట్టితో మూసిన కొసను ప్రతిసారీ దిగేముందు నొక్కి చూడవలెను. పలకల పడవకు ఏటా వేసవిలో నార, తారు కొత్తగా పెట్టాలి. ఫైబరు పడవ అడుగు రాళ్ల మీద ఈడ్చితే పొర లేచి నీరు పీలుస్తుంది, కొబ్బరిమట్టలు పరిచి వాటి మీదుగా లాగండి. మూసిన అరలో నీరు చేరిందేమో నెలకొకసారి ఊపి వినండి. గలగల వినిపిస్తే ఆ అర పనికిరానట్లే, బాగుచేయించి గాని నీటిలోకి దింపవద్దు.

విస్తరణ కార్యకర్తలకు ఒక మాట

పడవల మీద రాయితీ వచ్చినప్పుడు ఊరందరికీ ఒకే కొలత పడవ పంచడం సులువు, కాని మేలు కాదు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో రాయితీని సాధారణ వర్గాలవారికి 40 శాతం, ఎస్సీ, ఎస్టీ వారికి, మహిళలకు 60 శాతం వరకు నిర్ణయించారు. మీ జిల్లాలో ఇప్పుడు ఏ పథకం కింద దరఖాస్తులు తీసుకొంటున్నారో మత్స్యశాఖ కార్యాలయంలో కనుక్కొని రైతులకు చెప్పండి. చెప్పేముందు ప్రతి మనిషినీ మూడు ప్రశ్నలు అడగండి. నీ నీరు ఎంత లోతు, ఎంత వెడల్పు? నీ వల ఏది, దానిని ఎవరు ఎత్తుతారు? నీతో ఎందరు వస్తారు? ఈ మూడింటికి జవాబు రాసుకొని, ఆ పిమ్మట కొలత చెప్పండి. వీలైతే సంఘం వారందరినీ ఒక ఉదయం చెరువు గట్టుకు పిలిచి, పై నాలుగు పరీక్షలూ వారి కళ్ల ముందే చేసి చూపండి. ఆడవారిని కూడా రమ్మనండి. ప్రమాదం జరిగితే ఆ భారం ముందు పడేది వారి మీదనే. వంగుడు పరీక్ష ఒకసారి కళ్లారా చూసిన ఇల్లాలు ఇంటాయనను చేతికందిన ప్రతి పడవా ఎక్కనివ్వదు.

సోదరులారా, ఏరు దాటినాక తెప్ప తగలేసేవాళ్లం కాము మనం. రేపు మళ్లీ అదే పడవ ఎక్కాలి. కనుక ముందు మీ నీటిని చూడండి, తరువాత మీ పనిని చూడండి, ఆ తరువాత పడవను చూడండి. ధరను అన్నింటికంటె చివర చూడండి. చిన్న నీటికి, ఒంటరివాడికి, కిక్కిస దారికి దోనె. పెద్ద నీటికి, బరువు వలకు, ఇద్దరి పనికి ఎత్తంచు గల బల్లపరుపు పడవ. మేత మోసే చెరువు రైతుకు తక్కువ అంచు బల్లపరుపు పడవ. ఏది కొన్నా, వల ఎత్తినట్లు ఒకసారి అంచుకు వంగి చూసి మరీ కొనండి.